విద్యార్థి ఋణ సమాచారము: కళాశాలా విద్యార్థుల చదువు నిర్ణయములపై దాని ప్రభావము

ఉన్నత విద్య కొఱకు తాను చేసిన అప్పు ఎంత, దానిపై పెరుగు వడ్డీ ఎంత, చదువు ముగిసిన పిమ్మట నెలనెలా కట్టవలసిన వాయిదా ఎంత అను విషయములను విద్యార్థికి ఎఱుకపఱచు వివరములను విద్యార్థి ఋణ సమాచారమందురు. ఈ సమాచారము చేతికందిన విద్యార్థి ఏ శాఖను ఎన్నుకొనును, ఒక్కొక్క సెమిస్టరులో ఎంత పాఠ్యభారమును తలకెత్తుకొనును, చదువును కొనసాగించునా లేక నడుమనే విడిచిపెట్టునా, పట్టభద్రుడైన తరువాత ఏ కొలువున ప్రవేశించును అను ప్రశ్నలు ఇరువదియొకటవ శతాబ్దిలో ఆర్థికశాస్త్రమునకును విద్యాశాస్త్రమునకును ఉమ్మడియైన ఒక పరిశోధన క్షేత్రముగా విస్తరించినవి. కళాశాలా విద్య అధికముగా ఋణముపై ఆధారపడి సాగుచున్న అమెరికా సంయుక్త రాష్ట్రములే ఈ పరిశోధనకు ప్రధాన రంగము. అచ్చటి ప్రయోగములను ఒక్కచోట చేర్చి పరిశీలించినపుడు తేలు సారాంశమిది: అప్పు మొత్తమును తెలుపుట ఒక్కటే విద్యార్థి నడవడిని మార్చజాలదు, ఆ అంకెతోపాటు అతడు నడవదగిన త్రోవను కూడ, నిర్ణయము చేయవలసిన వేళకే చూపిన సమాచారము చదువునకు బలమగును, భయమును మాత్రమే కలిగించు సమాచారము అప్పును తగ్గించుచునే చదువును కూడ తగ్గింపవచ్చును.

చారిత్రక భూమిక

1957 అక్టోబరులో సోవియట్ రష్యా స్పుత్నిక్ ఉపగ్రహమును అంతరిక్షమునకు పంపగా, విజ్ఞానశాస్త్ర విద్యలో తాము వెనుకబడితిమను కలవరము అమెరికాలో వ్యాపించి, మఱుసటి సంవత్సరమే జాతీయ రక్షణ విద్యా చట్టమునకు కారణమైనది. ఫెడరల్ ప్రభుత్వము కళాశాలా విద్యార్థులకు ఋణమిచ్చు పద్ధతికి 1958 నాటి ఈ చట్టమే నాంది. 1965 నవంబరులో అధ్యక్షుడు లిండన్ జాన్సన్, తాను విద్యాభ్యాసము చేసిన టెక్సస్ రాష్ట్రపు శాన్ మార్కస్ కళాశాలలోనే ఉన్నత విద్యా చట్టముపై సంతకము చేసెను. బ్యాంకులు విద్యార్థులకు ఇచ్చు ఋణములకు ప్రభుత్వము హామీగా నిలుచు విధానము దానితో దేశవ్యాప్తమైనది. 1972లో తిరిగి చెల్లింపనక్కరలేని ఉపకారవేతనము, అనగా పిమ్మట పెల్ గ్రాంటని పేరొందిన సహాయము, ఏర్పడినను, పెరుగుచున్న ఫీజులతో అది పరుగిడజాలక పోయినందున ఋణముల వాటా ఏటేట అధికమైనది. 2010 జూలై నుండి బ్యాంకుల మధ్యవర్తిత్వము తొలగి, కొత్త ఫెడరల్ విద్యార్థి ఋణములన్నియు ప్రభుత్వము చేతనే నేరుగా ఇయ్యబడుచున్నవి. ఇప్పుడు ఆ దేశమున నాలుగు కోట్లకు పైబడిన ప్రజలు ఫెడరల్ విద్యార్థి ఋణములను మోయుచున్నారు. ఆ ఋణముల మొత్తము 1.6 లక్షల కోట్ల డాలర్లను మించినది.

తల్లిదండ్రులపై ఆధారపడిన విద్యార్థికి బి.ఎ., బి.ఎస్సి. వంటి తొలి పట్టపు చదువులో మొదటి యేట 5,500 డాలర్లు, రెండవ యేట 6,500, అటుపిమ్మట ఏటికి 7,500 చొప్పున, మొత్తము 31,000 డాలర్ల వరకు ఫెడరల్ ఋణము లభించును. ఇందులో పేద విద్యార్థులకిచ్చు ఒక తరగతి ఋణముపై చదువుకాలపు వడ్డీని ప్రభుత్వమే భరించును. రెండవ తరగతి ఋణముపై వడ్డీ మొదటి దినము నుండియే విద్యార్థి పేర పెరుగుచుండును. ఈ రెంటికి నడుమ గల భేదమును చక్కగా గ్రహించిన విద్యార్థులు అరుదు. సమాచార ప్రయోగములకు అవసరము కలిగినది ఇచ్చటనే.

తమ ఋణమును తామెఱుగని విద్యార్థులు

బ్రూకింగ్స్ సంస్థ పక్షమున ఎలిజబెత్ ఏకర్స్, మాథ్యూ చింగోస్ అను పరిశోధకులు 2014లో ప్రకటించిన అధ్యయనము ఈ విషయమున మిక్కిలి ప్రసిద్ధమైనది. విద్యార్థులు చెప్పిన సంఖ్యలను ప్రభుత్వ పత్రములలోని సంఖ్యలతో సరిపోల్చి చూడగా, మొదటి సంవత్సరపు విద్యార్థులలో సుమారు సగము మంది తమ ఋణమును మిక్కిలి తక్కువగా ఊహించుచున్నట్లు తేలినది. ఫెడరల్ ఋణము నిజముగా కలిగియున్న వారిలో నూటికి 28 మంది తమకు అట్టి ఋణమే లేదనియు, నూటికి 14 మంది తమకు ఏ విధమైన విద్యార్థి ఋణమును లేదనియు తెలిపిరి.

ఇట్టి అజ్ఞానమునకు విద్యార్థి అలసత్వమొక్కటే కారణమని తలచుట న్యాయము కాదు. ఋణము ఒక్కసారిగా కాక సెమిస్టరు వెంట సెమిస్టరుగా, వేరువేరు పత్రములతో చేరును. అది ఫీజు ఖాతాకు జమయై, విద్యార్థి చేతికి రాకయే వ్యయమగును. చదువుచున్నంతకాలము వాయిదా కట్టవలసిన పని లేనందున అప్పు అప్పుగా అనుభవమునకు రాదు. దరఖాస్తును అనేక కుటుంబములలో తల్లిదండ్రులే పూర్తిచేయుదురు. మొదటిసారి ఋణము పొందువారికి చట్టరీత్యా ఒక ప్రవేశ శిక్షణ కలదుగాని, అది కంప్యూటరు తెరపై పుటలను త్రిప్పి ముగించు లాంఛనముగా పరిణమించినది. పదునెనిమిదేండ్ల వయస్సున జీవితములో మొట్టమొదటి అప్పును చేయుచున్న విద్యార్థికి, దాని మొత్తమును ఏటికొకసారియైన కూడి చూపు బాధ్యత ఎవరిదియు కాకపోవుట ఆ వ్యవస్థ యొక్క మౌలికమైన లోపము.

ఋణపు ఉత్తరము: ఇండియానా ఉదాహరణము

ఈ లోపమును సవరింపవలెనను సంకల్పముతో ఇండియానా విశ్వవిద్యాలయము 2012 నుండి ఋణము గల తన విద్యార్థులందరికి ఏటేట ఒక ఉత్తరమును పంపసాగినది. ఆ ఉత్తరము విజ్ఞాపనకాని హెచ్చరికకాని కాదు. ఇంటికి వచ్చు కరెంటు బిల్లు వలె అంకెల పట్టిక. అందులో విద్యార్థి అప్పటివరకు చేసిన ఋణము, వడ్డీతో కలిపి చెల్లింపవలసిన మొత్తపు అంచనా, చదువు ముగిసిన పిదప నెలవారీ వాయిదా, తనకనుమతింపబడిన గరిష్ఠ ఋణములో ఇప్పటికి వాడుకొన్న శాతము వరుసగా నుండును. ఉదాహరణమునకు 30,000 డాలర్ల ఋణమును నూటికి 5 వడ్డీతో పదేండ్లలో తీర్చదలచిన వానికి నెలకు సుమారు 318 డాలర్ల వాయిదా పడును. అసలు, వడ్డీ కలిసి 38,000 డాలర్లకు మించును. ముప్పదివేలను పెద్ద సంఖ్యగా మాత్రమే ఎఱిగిన విద్యార్థికి, నెలకు 318 అను చిన్న సంఖ్య ఇంటి అద్దెతోను జీతముతోను పోల్చుకొనదగిన వాస్తవముగా తోచుటయే ఈ ఉత్తరమునందలి కీలకము.

ఉత్తరములు మొదలైన తరువాత ఒక్క విద్యాసంవత్సరములో ఆ విశ్వవిద్యాలయపు విద్యార్థులు తీసికొను కొత్త ఋణము నూటికి 11 వంతులు తగ్గినదను వార్త 2014లో దేశమంతట వ్యాపించినది. 2015లో ఇండియానా రాష్ట్ర శాసనసభ అట్టి వార్షిక ఉత్తరమును రాష్ట్రములోని కళాశాలలకు చట్టబద్ధము చేయగా, పలు రాష్ట్రములు ఆ మార్గమును అనుసరించినవి. అయితే ఆ తగ్గుదల అంతయు ఉత్తరము యొక్క ఫలమే యని నిర్ణయించుటకు వీలులేదు. అదే కాలమున విశ్వవిద్యాలయము ఆర్థిక విషయములపై విద్యార్థులకు సలహాలిచ్చు కార్యక్రమమును నడపినది. నాలుగేండ్లలో చదువు ముగింపుమని ప్రోత్సహించినది. దేశమంతటను కొత్త విద్యార్థి ఋణములు ఒకింత తగ్గుముఖము పట్టినవి. ఉత్తరమందిన వారిని అందని వారితో పోల్చిననే గాని దాని నిజప్రభావము తెలియదు.

మోంటానా అధ్యయనము: ఋణము, పాఠ్యభారము, మార్కులు

అట్టి పోలికకు మోంటానా రాష్ట్ర విశ్వవిద్యాలయము అవకాశము కల్పించినది. విద్యార్థి ఏ సంవత్సరము చదువుచున్నాడో దానిని బట్టి ఒక పరిమితిని ఏర్పఱచి, ఋణము ఆ పరిమితిని దాటిన వారికి మాత్రమే అచ్చటి అధికారులు ఉత్తరములు పంపిరి. ఋణ పరిమాణమును తెలుపుటతోపాటు, విశ్వవిద్యాలయములోని ఆర్థిక సలహాదారుని ముఖాముఖి కలిసికొమ్మని ఆహ్వానించుటయు, కలిసికొన్న వారికి చిన్న ప్రోత్సాహకము ఇచ్చుటయు ఈ ఉత్తరపు విశేషములు. మాక్సిమిలియన్ ష్మైజర్, క్రిస్టియానా స్టోడర్డ్, కార్లీ అర్బన్ అను ముగ్గురు ఆర్థికవేత్తలు ఈ విద్యార్థులను ఉత్తరములందని విద్యార్థులతో పోల్చి చూచిరి. ఉత్తరమందినవారు తరువాతి సెమిస్టరులో సుమారు 1,360 డాలర్లు, అనగా మూడవ వంతు, తక్కువగా ఋణము చేసిరి. అంతేగాక వారు అధిక క్రెడిట్లకు, అనగా పాఠ్యభారమును కొలుచు అంశములకు, నమోదు చేసికొనిరి. వారి మార్కుల సగటు కూడ మెరుగుపడినది.

అప్పు అంకెను చూచిన విద్యార్థి అధిక పాఠ్యభారమును తలకెత్తుకొనుట మొదటి చూపునకు వింతగా తోచును. దాని రహస్యము క్రెడిట్ల లెక్కలో నున్నది. తొలి పట్టమునకు సామాన్యముగా 120 క్రెడిట్లు కావలెను. సెమిస్టరుకు 12 క్రెడిట్లు తీసికొన్నను నియమముల దృష్టిలో విద్యార్థి పూర్తికాలపు విద్యార్థియే; కాని ఆ లెక్కన పట్టమునకు పది సెమిస్టరులు, అనగా ఐదేండ్లు పట్టును. సెమిస్టరుకు 15 తీసికొనిన ఎనిమిది సెమిస్టరులలో, నాలుగేండ్లకు, చదువు ముగియును. పెక్కు ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో పన్నెండు దాటిన పిదప అదనపు క్రెడిట్లకు వేరుగా ఫీజు లేదు. కనుక మూడు క్రెడిట్ల అదనపు శ్రమ, ఒక సంవత్సరపు ఫీజును, వసతి వ్యయమును, ఆ సంవత్సరమున కోల్పోవు జీతమును మిగుల్చును. 2012లో హవాయి విశ్వవిద్యాలయము సెమిస్టరుకు పదునైదు క్రెడిట్లు పూర్తిచేయుమని సాగించిన ప్రచారము ఇతర రాష్ట్రములకు వ్యాపించుటకును ఈ లెక్కయే ఆధారము. మోంటానా ఉత్తరము ఋణభారమును ఎఱుకపఱచి, దానిని తగ్గించుకొను మార్గమును చర్చింపగల మనిషిని కూడ చూపినందున, విద్యార్థి చింత చదువు వైపునకు మరలినదని భావించుట సమంజసము.

ఉత్తరము ఫలింపని చోట్లు

రాజీవ్ దరోలియా, కేసాండ్రా హార్పర్ అను పరిశోధకులు మిస్సోరీ విశ్వవిద్యాలయమున చేసిన ప్రయోగము ఇంతకంటె కఠినమైన పరీక్ష. చీటీలు తీసినట్లు యాదృచ్ఛికముగా కొందరు విద్యార్థులను ఎంచి వారికే ఋణపు ఉత్తరములను పంపి, తక్కిన వారితో పోల్చగా, ఋణగ్రహణమున చెప్పుకొనదగిన భేదము కనిపింపలేదు. పిమ్మట విద్యార్థులతో సంభాషించినపుడు, ఋణమును గూర్చిన ఆలోచనను అనేకులు చదువు ముగియువరకు వాయిదా వేయుచున్నారని తెలిసినది. ఫీజు కట్టవలసిన గడువు తరుముచుండగా, చదువు ముగిసిన తరువాతి వాయిదా వారి దృష్టిని నిలుపజాలదు; పైగా ఋణము తీసికొనకున్న చదువే సాగని స్థితిలోనున్న విద్యార్థికి ఆ ఉత్తరము చూపు ప్రత్యామ్నాయమేదియు లేదు.

సమాచారమునకు సహాయము తోడు కావలెనను సత్యమును ఎరిక్ బెటింజర్ మొదలగువారు 2012లో ప్రకటించిన ప్రయోగము స్పష్టపఱచినది. ఆదాయపు పన్ను పత్రములను పూరించి పెట్టు ఎచ్. అండ్ ఆర్. బ్లాక్ సంస్థ కార్యాలయములకు వచ్చిన అల్పాదాయ కుటుంబములలో కొందరికి, విద్యా సహాయము కోరు ఫెడరల్ దరఖాస్తును సిబ్బంది అక్కడికక్కడే పూరించి పెట్టిరి. మఱికొందరికి అర్హత వివరములను మాత్రమే తెలిపి పంపిరి. దరఖాస్తు పూరింపబడిన కుటుంబములలో హైస్కూలు ముగించు పిల్లలు కళాశాలలో చేరుట నూటికి 8 పాళ్లు అధికమైనది. వివరములను మాత్రమే విన్న కుటుంబములలో మార్పు కానరాలేదు.

ఋణము తగ్గిన చదువు తగ్గునా?

ఋణ సమాచారమునకు లక్ష్యము ఋణమును తగ్గించుటయే యని మొదటి కార్యక్రమములు భావించినవి. ఆ భావనను ప్రశ్నించిన రెండు ప్రయోగములు ఈ శాస్త్రమున మలుపు వంటివి.

మొదటిది బెంజమిన్ మార్క్స్, లెస్లీ టర్నర్ అను వారిచే ఒక పెద్ద కమ్యూనిటీ కాలేజీలో, అనగా స్థానికులకు రెండేండ్ల చదువు చెప్పు ప్రభుత్వ కళాశాలలో, జరుపబడి 2019లో ప్రకటింపబడినది. విద్యార్థులందరికి ఋణార్హత సమానమే. కొందరికి పంపిన సహాయ పత్రమున ఋణము ఎదుట సున్నయు, మఱికొందరి పత్రమున 3,500 లేక 4,500 డాలర్లును ముద్రింపబడినవి. సున్న చూచిన విద్యార్థియు అడిగినచో అంతే ఋణము పొందగలడు. భేదమంతయు కాగితముపై అంకెలోనే. అయినను పెద్ద అంకె చూచినవారిలో ఋణము తీసికొన్నవారు నూటికి ఏడుగురు అధికమైరి. అట్లు ఋణము తీసికొన్నవారు, తీసికొనని సాటివారికంటె ఆ సంవత్సరమున సగటున 3.7 క్రెడిట్లు అధికముగా సంపాదించిరి. నాలుగు పాయింట్ల కొలతపై వారి సగటు 0.6 మేర పెరిగినది. నాలుగేండ్ల ప్రభుత్వ కళాశాలలకు మారుటయు అధికమైనది. చేతనున్న ధనము వారికి పొట్టకూటి పనివేళలను తగ్గించుకొని పుస్తకము ముందు కూర్చుండు అవకాశమిచ్చినదని ఊహింపవచ్చును.

రెండవది మేరీలాండ్ రాష్ట్రమున బాల్టిమోర్ కౌంటీ కమ్యూనిటీ కాలేజీలో ఆండ్రూ బార్, కెల్లీ బర్డ్, బెంజమిన్ కాసిల్‌మన్ అనువారు జరిపినది. ఋణమునకు దరఖాస్తు చేసిన విద్యార్థులకు సెల్‌ఫోను సందేశములు పంపి, అనుమతించిన మొత్తమంతయు తీసికొన నక్కరలేదనియు, సందేహమున్న సలహాదారుని అడుగవచ్చుననియు తెలిపిరి. సమాచారము కోరిన విధముగానే పనిచేసినది. విద్యార్థులు ఋణము తగ్గించుకొనిరి. కాని వారి చదువు కుంటుపడినది; కొంతకాలమునకు ఋణము చెల్లింపలేక ఎగవేతదారులైన వారి సంఖ్యయు పెరిగినది. తక్కువ అప్పు చేసినవారు అధికముగా ఎగవేయుట విరుద్ధముగా కనిపించినను, అమెరికా ఋణముల చరిత్రమున ఇది తెలిసిన సత్యమే: ఎగవేత అధికముగా నుండునది లక్ష డాలర్లు బాకీపడిన వైద్యులలోను న్యాయవాదులలోను కాదు, కొద్ది వేల డాలర్లు మాత్రమే తీసికొని, పట్టము లేకుండ చదువు విడిచిన వారిలో. పట్టము లేని అప్పే అన్నిటికంటె బరువైన అప్పు.

మోంటానా ఫలితమునకు బాల్టిమోర్ ఫలితమునకు గల వైరుధ్యము పైకి కనిపించునంత లోతైనది కాదు. మోంటానాలో ఉత్తరమందినవారు అధిక ఋణము చేసిన, నాలుగేండ్ల కళాశాల విద్యార్థులు. వారిలో కొందఱికి ఋణమును తగ్గించుకొనుటకు వీలున్నది. బాల్టిమోర్ విద్యార్థులలో అనేకులు ఉద్యోగము చేయుచు, కుటుంబములను పోషించుచు, స్వల్ప ఋణముతో చదువువారు. వారికి ఋణము తగ్గుట అనగా చదువునకు కేటాయించు కాలము తగ్గుట. ఒకే వాక్యము ఇద్దరు విద్యార్థులకు రెండు విధములైన ఉపదేశమగును. కనుక అందరికి ఒకే మాట చెప్పు సమాచార విధానము కొందరికి మేలును, మఱికొందరికి కీడును చేయక తప్పదు.

శాఖ ఎన్నికపై ప్రభావము

ఏ శాఖ చదివినవారు ఎంత సంపాదించుచున్నారో తెలిసిన విద్యార్థి తన ఎన్నికను మార్చుకొనునా అను ప్రశ్నను మాథ్యూ విస్వాల్, బాసిత్ జఫర్ అను ఆర్థికవేత్తలు న్యూయార్క్ విశ్వవిద్యాలయ విద్యార్థులలో పరిశోధించిరి. వివిధ శాఖల ఆదాయమును గూర్చి విద్యార్థుల ఊహలలో పెద్ద పొరపాట్లున్నవనియు, నిజమైన అంకెలను చూపినపుడు వారు తమ అంచనాలను సవరించుకొందురనియు తేలినది. అయితే శాఖ ఎన్నికలో ఆదాయము కంటె అభిరుచియే బలవత్తరమని కూడ వారు కనుగొనిరి.

చిలీ దేశమున ప్రభుత్వ ఋణమునకు అంతర్జాలమున దరఖాస్తు చేయు వేలకొలది విద్యార్థులకు, వారెంచుకొన్న చదువు వ్యయమును దాని వలన రాదగిన ఆదాయమును పోల్చి చూపిన ప్రయోగమును జస్టీన్ హేస్టింగ్స్, క్రిస్టఫర్ నీల్సన్, సేత్ జిమ్మర్‌మన్ అనువారు ప్రకటించిరి. మొత్తము మీద మార్పు స్వల్పమే. కాని పేద కుటుంబముల విద్యార్థులు అధిక ప్రయోజనకరమైన చదువుల వైపు మొగ్గిరి. అమెరికాలో ప్రభుత్వము 2015లో కళాశాలల వారీగా పూర్వ విద్యార్థుల ఆదాయమును, ఋణమును ప్రకటించు కాలేజ్ స్కోర్‌కార్డ్ వేదికను సంస్కరించినపుడు, ఆ అంకెలకు స్పందించినవారు ముఖ్యముగా సంపన్న పాఠశాలల విద్యార్థులేయని పరిశోధకులు గమనించిరి. ఋణ దరఖాస్తులోనే పొదిగిన సమాచారము పేదవానికి చేరుటయు, వెదకి కనుగొనవలసిన సమాచారము ఉన్నవానికే దక్కుటయు గమనింపదగిన విషయము.

ఋణభారము శాఖను నిర్ణయించు తీరును మేనక హంపోలె పరిశోధన మఱియొక కోణమున చూపినది. కొన్ని విశ్వవిద్యాలయములు ఋణములకు బదులు ఉపకారవేతనములను ఇచ్చుట మొదలిడినపుడు, విద్యార్థులు తొలి జీతము తక్కువయైనను జీవితకాలపు ఆదాయము అధికమైన శాఖలకు మారిరి. చదువు ముగిసిన వెంటనే వాయిదా కట్టవలెనను తొందర విద్యార్థిని తొలి జీతము వంకకు నెట్టుచున్నదని, ఆ తొందర లేనిచో అతడు దూరదృష్టితో ఎన్నుకొనుచున్నాడని దీని వలన విదితమగుచున్నది.

వృత్తి ఎన్నికపై ప్రభావము

ఎరికా ఫీల్డ్ 2009లో ప్రకటించిన అధ్యయనము ఋణమను భావనకే గల బలమును నిరూపించినది. న్యూయార్క్ విశ్వవిద్యాలయ న్యాయకళాశాలలో లాటరీ ద్వారా విద్యార్థులను రెండు వర్గములుగా విభజించి, ఒక వర్గమునకు, ప్రజాహిత వృత్తిలో చేరనిచో తిరిగి చెల్లింపవలెనను షరతుతో ఫీజు మాఫీ చేసి, రెండవ వర్గమునకు ఋణమిచ్చి, ప్రజాహిత న్యాయవాద వృత్తిలో చేరినచో కళాశాలయే ఆ ఋణమును తీర్చునని వాగ్దానము చేసిరి. ధనపు విలువలో రెండును సమానమే. అయినను ఫీజు మాఫీ పొందినవారిలో ప్రజాహిత వృత్తిని చేపట్టినవారు మూడవ వంతునకు పైగా అధికమైరి. జెస్సీ రోత్‌స్టీన్, సెసిలియా రౌస్ అనువారు 2011లో ప్రకటించిన పరిశోధనలో, ఋణము గల పట్టభద్రులు అధిక జీతముల ఉద్యోగములను కోరుటయు, తక్కువ జీతము గల ప్రజాసేవా వృత్తులకు దూరమగుటయు వెల్లడియైనది. ఉపాధ్యాయులను, గ్రామసేవకులను, పేదల పక్షమున వాదించు న్యాయవాదులను కోరు సమాజము ఈ ఫలితమును తన సమస్యగానే గ్రహింపవలెను.

ఆస్ట్రేలియా మార్గము

1989లో ఆస్ట్రేలియా ప్రవేశపెట్టిన పద్ధతిలో విద్యార్థి ఋణమును నిర్ణీత ఆదాయము వచ్చిన పిదపనే పన్నుతోపాటు చెల్లించును; ఆదాయము లేనివాడు చెల్లింపనక్కరలేదు. ఈ పద్ధతిలో భయము తగ్గినట్లే, ధరల సంకేతమును బలహీనమగును. 2021లో ఆ దేశము మానవీయ శాస్త్రముల ఫీజులను పెంచి, ఉపాధ్యాయ శిక్షణ, నర్సింగు వంటి చదువుల ఫీజులను తగ్గించి విద్యార్థులను మరల్చదలచినను, ఆ ఆశ నెరవేరలేదని 2024 నాటి విశ్వవిద్యాలయ సమీక్షా సంఘము నివేదించినది.

భారతదేశము, తెలుగు విద్యార్థులు

భారతదేశమున బ్యాంకుల సంఘము 2001లో రూపొందించిన ఆదర్శ విద్యాఋణ పథకము ఎడ్యుకేషన్ లోనుకు మూలము. చదువుకాలమును, అటుపై ఒక సంవత్సరమును వాయిదాలకు విరామము, చెల్లింపునకు పదునైదేండ్ల వరకు గడువు ఇందలి ముఖ్యాంశములు. వడ్డీపై ఆదాయపు పన్నులో ఎనిమిదేండ్ల వరకు మినహాయింపు కూడ కలదు. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన పి.ఎం. విద్యాలక్ష్మి పథకము జాబితాకెక్కిన ఉన్నత శ్రేణి సంస్థలలో ప్రతిభ ప్రాతిపదికపై ప్రవేశము పొందినవారికి తాకట్టు లేని, ష్యూరిటీ లేని ఋణమును కల్పించుచున్నది. కళాశాల ఆ జాబితాలో నున్నదా లేదా యను వివరమే ఇప్పుడు ప్రవేశ నిర్ణయమును ప్రభావితము చేయగల ఋణ సమాచారము.

ఉమ్మడి ఆంధ్రప్రదేశములో 2008 ప్రాంతమున విస్తరించిన ఫీజు రీయింబర్స్‌మెంట్ వలన, తెలుగు నాట బి.టెక్. చదువు అనేక పేద కుటుంబములకు అప్పు లేకయే అందుబాటులోనికి వచ్చినది. అప్పు ప్రశ్న నిజముగా ఎదురగునది అటుపిమ్మట, ఎం.ఎస్. కొఱకు అమెరికా పయనమైనపుడు. అప్పుడు పెక్కుసార్లు ఇల్లో స్థలమో బ్యాంకునకు తాకట్టగును. తండ్రి సహఋణగ్రహీతగా సంతకము చేయును. ముప్పది లక్షల రూపాయలకు నూటికి 11 వడ్డీతో పదేండ్ల గడువైనచో నెలసరి వాయిదా సుమారు 41,300 రూపాయలు. చదువుకాలమున పెరిగిన వడ్డీ దీనికి అదనము. ఇట్టి వాయిదా స్వదేశపు తొలి జీతముతో తీరునది కాదు. చదువు ముగించిన విదేశ విద్యార్థులందరికి అమెరికాలో పండ్రెండు నెలల ఉద్యోగానుమతి లభింపగా, విజ్ఞాన సాంకేతిక శాఖల వారికి 2016 నాటి నియమము ప్రకారము మఱి ఇరువదినాలుగు నెలలు దక్కును. ఈ అదనపు రెండేండ్ల డాలరు జీతమే ఋణవిమోచనమునకు ఆధారమైనందున, అభిరుచి ఏదైనను కంప్యూటరు సైన్సు, డేటా సైన్సు వంటి శాఖలకే తెలుగు విద్యార్థులు మొగ్గుటలో ఆశ్చర్యము లేదు. 2023–24లో అమెరికాలోని విదేశీ విద్యార్థులలో 3,31,602 మందితో భారతీయులు ప్రథమస్థానము నందిరి. వీరికి ఫెడరల్ ఋణార్హత లేదు. కావున ఇండియానా ఉత్తరము వంటిది వీరిని చేరదు. ప్రయాణమునకు ముందు కన్సల్టెన్సీ చెప్పు మాటయు, బంధువుల పిల్లల ఉదాహరణములును, బ్యాంకు మంజూరు పత్రమును వీరికి దొరకు సమాచారము. మంజూరు పత్రమున వాయిదా అంకె యుండునుగాని, ఉద్యోగము ఆలస్యమైనచో ఏమి చేయవలెనో, వీసా నియమము మారినచో ఋణము ఎట్లు తీరునో అందుండదు.

సమీక్ష

ఈ పరిశోధనల వలన కొన్ని సూత్రములు స్థిరపడినవి. మొదటిది, ఋణము నెలసరి వాయిదాగా మారి కనిపించినపుడే విద్యార్థి గ్రహింపునకు వచ్చును. రెండవది, సమాచారము ఫీజు కట్టువేళకో, పాఠ్యాంశములకు నమోదు చేసికొనువేళకో చేరవలెను. నిర్ణయము జరిగిన పిమ్మట చేరినది నిష్ప్రయోజనము. మూడవది, అంకెతోపాటు మార్గము కూడ ఉండవలెను. సలహాదారుని పేరు, గది, వేళ, ఒక సెమిస్టరు ముందుగా చదువు ముగించుటకు కావలసిన క్రెడిట్ల లెక్క అందు కనిపింపవలెను. నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమైనది, ఋణము తగ్గుటను విజయమునకు కొలతగా తీసికొనరాదు. విద్యార్థి పట్టము పొందెనా, ఆ పట్టముతో ఋణము తీర్చి తన అభిరుచికి తగిన జీవితమును నిర్మించుకొనగలిగెనా అనునదే సరియైన కొలత.

ఋణమిచ్చు బ్యాంకులును, ఫీజు స్వీకరించు కళాశాలలును ఇప్పటివరకు సమాచారమును తమ చట్టబాధ్యత తీర్చుకొను పత్రముగానే చూచుచు వచ్చినవి. ఆ పత్రమును విద్యార్థి జీవితమునకు ఉపకరించు సలహాగా మలచుటకు పెద్ద వ్యయము అక్కరలేదు. విద్యార్థి ఎదుట కూర్చుండి అతని లెక్కను అతనితోనే వేయించు ఉపాధ్యాయుడో సలహాదారుడో ప్రతి కళాశాలకు ఒక్కడు చాలును. మోంటానా ఉత్తరము చేసినది అట్టి సలహాదారుని కలియుమను ఆహ్వానమే. మన విద్యార్థుల తాకట్టు పత్రముపై తండ్రి సంతకము పడుటకు ముందు కావలసినదియు అదియే.